గిత్త వేషానికి నాలుగు స్టార్లు, చీర్ ప్యాకేజీకి ఒకటిన్నర

ఒంగోలులో స్కూలు ఫంక్షన్లకి డ్రస్సులు అద్దెకిచ్చే ఒక షాపు వాళ్లు కొత్తగా 'స్కూల్ స్పిరిట్ ప్యాకేజీ' అని మొదలుపెట్టారు. మస్కట్ (స్కూలుకి గుర్తుగా తిరిగే జంతువు) వేషం, ఆట చూసేవాళ్ల చేత అరిపించే చీర్ టీముకి డ్రస్సులు, చేతుల్లో ఊపే పాంపాంలు, స్టెప్పులు నేర్పే డాన్సు మాస్టరు, సౌండ్ బాక్సు, అన్నిటికీ కలిపి ఒకటే రేటు. ఈసారి మండల స్థాయి ఆటల పోటీలు మా హైస్కూల్లో జరిగాయి, నేనక్కడ పీఈటీని, అంటే ఆటల టీచర్ని, అందుకని హెడ్మాస్టరు గారూ స్కూల్ కమిటీ వాళ్లూ తలా కొంత వేసుకుని ఆ ప్యాకేజీ మాట్లాడారు. షాపు పేరు రాయను. వాళ్లది చిన్న వ్యాపారం, ఇందులో మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో గట్టిగా అడగాల్సినవీ అన్నే ఉన్నాయి. ఏ ఊళ్లోనైనా స్కూలుకి ఇలాంటి ప్యాకేజీ తీసుకోవాలనుకునే టీచర్లకి, తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు మస్కట్ సంగతి, ఎందుకంటే మా డబ్బుకి న్యాయం జరిగింది అక్కడే.

షాపులో రెడీగా ఉన్నవి సింహం, ఎలుగుబంటి, కుందేలు, ఇంకా ఒక ఎద్దు. ఆ ఎద్దు నల్లగా, పొడుగు కొమ్ములతో, ముక్కుకి రింగుతో ఉంది. ఒంగోలు పక్కనే ఉన్న స్కూలుకి ఈ ఎద్దేంటన్నా అని అడిగితే "ఎద్దు ఎద్దే కదా మేడమ్, పిల్లలకేం తెలుస్తుంది" అన్నాడు షాపాయన. మా పిల్లల్లో సగం మంది ఇళ్లల్లో పశువులున్నాయి, సంక్రాంతికి బండలాగుడు పోటీలు ముందు వరసలో నిలబడి చూసే పిల్లలు వాళ్లు, వాళ్లకి తెలియకపోవడమేంటి! ఆ మాట విని లోపల కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న వాళ్ల నాన్న బయటికొచ్చాడు. ఒకప్పుడు పులివేషాలకి, నాటకాలకి తలకాయలు చేసిన మనిషంట. "గిత్తంటే మూపురం చూడాలమ్మా, గంగడోలు చూడాల, నల్లగుడ్డేస్తే గిత్తవుద్దా" అని కొడుకునే కసిరి, నేను చేసిపెడతా కొంచెం టైమియ్యండి అన్నాడు.

ఆయన చేసింది చూశాక నాకు నోట మాట రాలేదు. ఒళ్లంతా తెల్లటి ఊలు గుడ్డ, మెడ దగ్గరా మూపురం మీదా మాత్రం బూడిద రంగు కొట్టాడు, మగ గిత్తకి అక్కడ అలాగే ముదురుగా ఉంటుంది. కొమ్ములు పొట్టివి. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్ల గీత, ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు. గంగడోలు మడతలు మడతలుగా కుట్టి లోపల పలచగా దూది పెట్టాడు, పిల్లాడు నడుస్తుంటే అది అటూ ఇటూ ఊగుతుంది. మెళ్లో మువ్వల పట్టెడ. తలకాయ తిప్పి లోపల చూస్తే బిల్డింగ్ పనివాళ్లు పెట్టుకునే ప్లాస్టిక్ హెల్మెట్టొకటి ఫోములో అతికించి ఉంది, గడ్డం కింద పట్టీ బిగించుకుంటే తల కదలదు. కళ్లలోంచి కనపడదు, నోటి దగ్గర నల్లటి వలగుడ్డ ఉంటుంది, అందులోంచి చూడాలి. నుదుటి లోపల పాత కంప్యూటర్ ఫ్యానొకటి, దానికి పవర్ బ్యాంకు. ఇంత ఆలోచించి చేసిన మనిషికి ఎంత ఇచ్చినా తక్కువే.

ఈ గిత్త మనకి మస్కట్ అవడం కొత్తేం కాదు, పిల్లలకి ఇది చెప్తే కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. 2002లో మన ఉమ్మడి రాష్ట్రంలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్ ఒంగోలు గిత్తే, దానికి 'వీర' అని పేరు పెట్టారు. మన దగ్గర్నించి ఎప్పుడో ఓడలెక్కి పోయిన ఈ పశువుల సంతతి ఇవాళ బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో ఊళ్లకి ఊళ్లు నిండిపోయి ఉంది. అలాంటిది ఇంటి ముందే ఉంటే ఎక్కడిదో సింహాన్ని తెచ్చి నిలబెట్టుకోవడం ఎందుకు? అమెరికా స్కూళ్లూ కాలేజీలూ మస్కట్‌ని అంత పట్టింపుగా చూసుకునేది కూడా అది తమదే అనే లెక్కతోనే. యేల్ యూనివర్సిటీ వాళ్లు 1889 నుంచీ ఒక బుల్‌డాగ్‌ని పెట్టుకున్నారు, అది పోతే ఇంకోటి, పేరు మాత్రం అదే. టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లయితే 1916 నుంచి పొడుగు కొమ్ముల నిజం ఎద్దునే గ్రౌండులోకి తెస్తున్నారు. ఇది విని మా స్కూల్ కమిటీలో ఒకాయన మా గిత్తనే తోలుకొస్తా మేడమ్ అన్నాడు, ప్రేమగానే అన్నాడు. నేనొప్పుకోలేదు. వందల మంది పిల్లలు ఒక్కసారి అరిస్తే ఏ పశువైనా బెదురుతుంది, దానికీ మంచిది కాదు, పిల్లలకీ మంచిది కాదు.

ఇక చీర్ ప్యాకేజీ. ఇక్కడే వచ్చింది గొడవంతా.

వచ్చిన డాన్సు మాస్టరు మంచి కుర్రాడే, కష్టపడతాడు, టైముకి వస్తాడు. కానీ ఆయన నేర్పింది మూడు సినిమా పాటలకి మూడు డాన్సులు. పిల్లలు వరసగా నిలబడతారు, సౌండ్ బాక్సులో పాట మోగుతుంది, స్టేజీ మీద కూర్చున్న పెద్దల వైపు తిరిగి స్టెప్పులేస్తారు, పాటయిపోతే దండం పెట్టి వెళ్లిపోతారు. గ్రౌండు చుట్టూ కూర్చున్న పిల్లలకి కనపడేది వీళ్ల వీపులు. ఇది యానివర్సరీ డాన్సు, దానికి యానివర్సరీ ఉంది కదా! చీర్‌లీడర్ ఉండేది తను చూపించుకోవడానికి కాదు, కూర్చున్నవాళ్ల చేత అరిపించడానికి. ఈ పని మొదలైందే అలా. 1898 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆట జరుగుతోంది, వాళ్ల టీము అప్పటికే వరసగా ఓడి ఉంది, అప్పుడు జానీ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు జనం ముందుకొచ్చి నిలబడి, జనం వైపు తిరిగి, అందరి చేతా ఒకే మాట ఒకే ఊపులో అరిపించాడు. చీర్‌లీడింగ్‌కి పుట్టినరోజు అదే అంటారు. పాట లేదు, డాన్సు లేదు, ఆడపిల్లలు కూడా లేరు. అదే యూనివర్సిటీలో ఆడపిల్లలు ఇందులోకి వచ్చింది 1923లో.

అక్కడి హైస్కూళ్లలో ఇప్పటికీ పద్ధతి ఇదే. శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆట ఉందంటే పగలే పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెట్టి పెప్ ర్యాలీ అని పెడతారు, టీముని పేరు పేరునా పిలుస్తారు, చీర్ టీము నినాదాలు నేర్పుతుంది, మస్కట్ చిన్న తరగతుల పిల్లల మధ్యలోకి వెళ్లి ఆటపట్టిస్తుంది. సాయంత్రం ఆటకొచ్చేసరికి ప్రతి పిల్లాడికీ ఎప్పుడేం అరవాలో వచ్చేసి ఉంటుంది. అంటే ఆడని పిల్లలకి కూడా ఆ ఆటలో ఒక పని ఉంటుంది. నాకు కావాల్సింది అదే. మా స్కూల్లో ఆడే పిల్లలు ఏ నలభై యాభై మందో, మిగతావాళ్లంతా ఆటల పోటీలంటే సెలవు దొరికినట్టు చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. వాళ్లని గీత దగ్గరికి తేవడానికే ఇంత ఖర్చు పెట్టింది.

పైగా సౌండ్ బాక్సు మన ఆటలకి అసలు పనికిరాదు, ఈ ప్యాకేజీ తయారుచేసినవాళ్లు దీని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కబడ్డీలో రెయిడర్ కూత అంపైర్‌కి స్పష్టంగా వినపడాలి, కూత ఆగిందంటే రెయిడ్ పోయినట్టే. ఖోఖోలో వెనక నుంచి ఇచ్చే 'ఖో' కూర్చున్న పిల్లకి వినపడాలి. మొదటి కబడ్డీ ఆటకి మాస్టరు పాట పెట్టాడు, రెయిడ్ జరుగుతుంటే కూత మునిగిపోయింది, అంపైర్ ఆట ఆపి ఆ బాక్సు కట్టేస్తారా లేదా అని గట్టిగానే అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అంతే, బాక్సు స్టాఫ్ రూములోకి పోయింది, మళ్లీ బయటికి రాలేదు.

ఆ తర్వాత నడిచిందంతా పిల్లలే. నిజానికి మాస్టరు ఏం నేర్పుతున్నాడో చూశాక, పోటీలకి ముందే నేను పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి మీ మాటలు మీరే రాసుకోండి అని చెప్పి ఉంచా. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, ఏ ఆటలోనూ లేదు, కానీ గొంతు విప్పిందంటే రోడ్డు మీదికి వినపడుతుంది. ఆ పిల్ల రాసిందే అందరికీ పట్టుకుంది.

"ఎవురిదీ గిత్త?"
"మనదీ గిత్త!"
"మూపురమెంత?"
"కొండంత!"
"బండెవురు లాగేది?"
"మనమే! మనమే! మనమే!"

దీనికి డప్పు తోడు. ఎనిమిదో తరగతి కుర్రాళ్లిద్దరి ఇళ్లల్లో డప్పు కొట్టేవాళ్లున్నారు, పిల్లలకి అది చిన్నప్పట్నించీ చేతిలో ఉన్న విద్య. మాస్టరు బాక్సులో పాటకి లేవనివాళ్లు ఆ డప్పు రెండు దెబ్బలు పడగానే లేచి నిలబడ్డారు. నియమం ఒక్కటే పెట్టుకున్నాం: రెయిడర్ గీత దాటాడంటే డప్పు ఆగాలి, నోళ్లు ఆగాలి, రెయిడ్ అయ్యాక అంపైర్ పాయింటు చూపించగానే మళ్లీ మొదలు. గిత్త వేషంలో ఉన్న పిల్లాడు రెండు చేతులూ పైకెత్తితే అరుపు, దించితే మౌనం. అంతమంది పిల్లలు ఆ చేతులు దించగానే ఠక్కున ఆగిపోతుంటే, రెయిడర్ కూత ఒక్కటే వినపడుతుంటే, ఆట తెలిసిన ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. పక్క మండలాల నుంచి వచ్చిన పీఈటీలు కూడా ఎక్కడ నేర్పించారు మేడమ్ అని అడిగారు. ఇది ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

డ్రస్సుల విషయం కూడా చెప్పాలి, ఆడపిల్లల తల్లిదండ్రులకి మొదటి టెన్షన్ అదే. షాపు వాళ్లు ఇచ్చినవి పొట్టి స్కర్టులు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పట్నించీ చీర్‌లీడర్ అంటే మన జనానికి ఆ బొమ్మే గుర్తొస్తుంది, షాపు వాళ్లూ అదే చూసి కుట్టించారు. ఒక తల్లి స్కూలుకొచ్చి "మా పిల్ల చేత ఇయ్యన్నీ చేపిచ్చబాకండి మేడమ్" అని ఏడ్చినంత పని చేసింది. ఆ స్కర్టులు మూట విప్పకుండానే వెనక్కి పంపేశాం. స్కూలు ట్రాక్ ప్యాంటు, హౌస్ టీషర్టు, నెత్తికి ఒక తెల్ల గుడ్డ, అంతే. డ్రస్సు మారిందని చెప్పాక ఆ తల్లే పోటీల రోజు వచ్చి కూర్చుంది. మగపిల్లల్ని కూడా టీములో పెట్టా. మొదట సిగ్గుపడ్డారు, ఇది ఆడాళ్ల పని అన్నారు. మొదలుపెట్టిందే మగాళ్లురా, అమెరికా అధ్యక్షుడు చిన్న బుష్ కూడా చదువుకునే రోజుల్లో ఆండోవర్‌లో వాళ్ల హైస్కూలు చీర్‌లీడరే అని చెప్తే ఆ మర్నాడే పేర్లిచ్చారు.

ఒక విషయంలో మాత్రం మాస్టరుతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. పిల్లల భుజాల మీద పిల్లల్ని ఎక్కించి పిరమిడ్ కట్టిస్తా, పైన ఉన్న పిల్లని గాల్లోకి ఎగరేస్తే ఫొటోలు అదిరిపోతాయి అన్నాడు. మా గ్రౌండు గులకరాళ్ల నేల. అమెరికాలో ఇవి చేయించేది శిక్షణ పొందిన కోచ్‌లు, కింద పట్టుకోవడానికి మనుషుల్ని పెట్టుకుని, మెత్తటి పరుపుల మీద నెలల తరబడి సాధన చేశాక. అయినా దెబ్బలు తగులుతూనే ఉంటాయి, అందుకే బాస్కెట్‌బాల్ కోర్టులాంటి గట్టి నేల మీద గాల్లోకి విసరడాన్ని అక్కడి హైస్కూలు నియమాలే ఒప్పుకోవు. ఏ షాపు వాళ్లయినా సరే, మీ పిల్లల చేత ఇది చేయిస్తామంటే అక్కడికక్కడే వద్దనండి. మెడ విరిగితే ఆ షాపు ఇచ్చేదేం ఉండదు.

పాంపాంలు నాసిరకం. పలచటి ప్లాస్టిక్ పీలికలు, పట్టుకునే రింగు బయటికే ఉంది, ఊపుతుంటే ఊడొస్తుంది, మధ్యాహ్నానికి గ్రౌండంతా పీలికలే. ఈ వస్తువుకి లారెన్స్ హెర్కిమర్ అనే ఆయన 1971లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. చీర్ శిక్షణ శిబిరాలని 1948లోనే మొదలుపెట్టిన మనిషి ఆయన. పిడిని పీలికల మధ్యలో కనపడకుండా పెట్టడం ఆయన పద్ధతి, అప్పుడు పట్టు బాగుంటుంది, పిడికిలి మొత్తం పువ్వులా కనపడుతుంది. మా క్రాఫ్ట్ టీచర్ అది చూసి గోనెసంచి దారం, తెల్ల రిబ్బను కలిపి పిల్లలతోనే అలా కట్టించింది. షాపు వాటికన్నా ఇవే బాగున్నాయి, ఇప్పటికీ స్పోర్ట్స్ రూములో మేకుకి వేలాడుతున్నాయి.

మళ్లీ గిత్త దగ్గరికొస్తా, దాన్ని వేసుకునేవాళ్ల గురించి షాపు వాళ్లు ఏమీ చెప్పరు కాబట్టి. మన వైపు ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసు కదా, వాన కురిసి వెలిసినా చెమట ఆరదు. ఆ ఊలు గుడ్డలో, ఫోము తలకాయలో పిల్లాడిని గంటలు గంటలు ఉంచితే వడదెబ్బ ఖాయం. లోపల ఫ్యాన్ ఉన్నా అది తిప్పేది వేడిగాలే. మేం ఇద్దరు కుర్రాళ్లని పెట్టాం, ఒకరు పదిహేను నిమిషాలు వేసుకుంటే తర్వాత రెండోవాళ్లు, మధ్యలో తలకాయ తీసి మజ్జిగ, తడిగుడ్డ. పక్కన ఎప్పుడూ ఒక పెద్ద పిల్లాడు చెయ్యి పట్టుకుని ఉండాలి, ఆ వలగుడ్డలోంచి కాళ్ల కింద ఏముందో కనపడదు, పైగా ఆరో తరగతి వాళ్లంతా తోక పట్టుకుని లాగుతారు. లోపల కాటన్ బనియను, తలకి గుడ్డ తప్పనిసరి, లేకపోతే ముందు వేసుకున్నవాళ్ల చెమట వీళ్లకి అంటుకుంటుంది.

ఆ ఇద్దరిలో ఒకడు పదో తరగతి పిల్లాడు, క్లాసులో లేచి జవాబు చెప్పమంటే తల దించుకునే రకం. వాళ్ల మామకి ఎడ్లున్నాయి, బండలాగుడికి పోతుంటాయి. గిత్త తల తగిలించుకోగానే వీడు మోకాళ్లు కొద్దిగా వంచి, మూపురం బిగించి, కుడికాలితో నేల దువ్వి, ఒక్కసారి తల విదిలిస్తాడు, మువ్వలు గల్లుమంటాయి. బండ కట్టేముందు గిత్త చేసేది అచ్చం అదే. అది చూసి మా ఆడపిల్లల కబడ్డీ టీము కూడా కోర్టులోకి దిగేముందు వరసగా నిలబడి నేల దువ్వడం మొదలుపెట్టింది, ఎవరూ చెప్పలా. ఫైనల్లో మా పిల్లలు కొద్దిలో ఓడిపోయారు. వేరే ఏడాదైతే అక్కడితో గ్రౌండు ఖాళీ అయ్యేది. ఈసారి కదల్లేదు, గిత్త వెళ్లి గెలిచిన టీము కెప్టెన్‌కి చెయ్యి కలిపితే మా పిల్లలే చప్పట్లు కొట్టారు. ఎదుటి టీముని వెక్కిరించే నినాదం ఒక్కటి కూడా ఉండకూడదని ముందే చెప్పుకున్నాం, దాన్ని పిల్లలు చివరిదాకా నిలబెట్టారు. ఓడిన టీముకి మర్నాడు అసెంబ్లీలో అదే నినాదంతో స్వాగతం చెప్పారు. గెలిస్తేనే వచ్చే ఉత్సాహం కోసమైతే ఇంత తతంగం అక్కర్లేదు, ట్రోఫీ ఒకటి చాలు.

డబ్బుల లెక్క. మొత్తం ప్యాకేజీ 9,500 అన్నారు, బేరమాడితే 8,000కి దిగారు. గిత్త ఒక్కటే తీసుకుంటే రోజుకి 1,500. డిపాజిట్ 3,000. తిరిగిచ్చేటప్పుడు తోక కుట్టు కొంచెం ఊడిందని 400 పట్టుకున్నారు, అది నాకు నచ్చలేదు, తోక పట్టి లాగుతారని పిల్లల స్కూలుకిచ్చేటప్పుడే తెలుసు కదా, గట్టిగా కుట్టించి ఇవ్వాల్సింది. వెనక్కి పంపిన స్కర్టులకి, వాడని బాక్సుకి ఒక్క రూపాయి తగ్గించలేదు. మాట్లాడితే ప్యాకేజీ అంటే ప్యాకేజీయే మేడమ్ అంటాడు. పెద్దాయన మాత్రం తోక తనే కుట్టేస్తానన్నాడు, కొడుకు వినలేదు.

అందుకే నా మాట ఇది: ప్యాకేజీ వద్దు, గిత్త ఒక్కటీ తెచ్చుకోండి. మీది నెల్లూరు వైపు స్కూలైతే మీ ఊరికి ఏది దగ్గరో అది చేయించుకోండి, ఆ పెద్దాయన కొలత తీసుకుని మీ ముందే గీసి చూపిస్తాడు. అడ్వాన్సు ఇచ్చేముందు తలకాయ పెట్టుకోబోయే పిల్లాడిని షాపుకి తీసుకెళ్లి హెల్మెట్ పట్టీ సరిపోతుందో లేదో చూడండి, ఫ్యాన్ ఆన్ చేయించి చూడండి, వేషం ఉతికిచ్చారా అని వాసన చూసి మరీ అడగండి, ఏది చిరిగితే ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించుకోండి. మిగిలిన డబ్బుతో రెండు డప్పులు, పిల్లలకి మజ్జిగ. వినాయక చవితి దగ్గరపడిందంటే వేషాలన్నీ ఊరేగింపులకి వెళ్లిపోతాయి, కాబట్టి ఆటల తేదీలు తెలియగానే వెళ్లి మాట్లాడుకోండి, వెళ్లినప్పుడు కౌంటర్లో ఉన్న కొడుకుతో కాకుండా లోపల మిషన్ దగ్గరుండే నాన్నతో మాట్లాడండి.